ముట్టుకున్నందుకు

మదనపల్లెలో బెంగళూరు బస్సులు తిరిగే రోడ్డు మీద ఒక ప్రైవేటు ఆసుపత్రి ఉంది. అద్దాల తలుపులు, చల్లటి హాలు. ఆ హాలు కడిగేది మేము.

ఆ పొద్దున సదుం నుంచి ఆటోలో రోజా నొప్పులతో వచ్చింది. నర్సులంతా పై అంతస్తులో ఎవరో పెద్దమనిషి గది దగ్గర ఉన్నారు. పిలిస్తే ఎవరూ దిగిరాలేదు. రోజా హాలులోనే, నేల మీదే కనేసింది. నేల తుడిచే మాపు పారేసి పరుగెత్తింది మాలో మునీశ్వరి ఒక్కతే. బిడ్డ తల గచ్చుకు తగలకుండా రెండు చేతులా పట్టుకుంది. కొంగుతో తుడిచి తల్లి గుండెల మీద పెట్టింది. బిడ్డ ఏడ్చింది. నేను పక్కనే ఉండి కళ్ళారా చూశాను.

మధ్యాహ్నం మమ్మల్ని పనికి పెట్టిన కాంట్రాక్టర్ రాజేంద్ర వచ్చి, అందరి ముందూ మునీశ్వరి మెడలోని కార్డు తెంపాడు.

"కక్కూసులు కడిగే చేతుల్తో బిడ్డను ముట్టుకుంటావా? నీ వల్లే పసిదానికి ఇన్ఫెక్షనని మేనేజ్‌మెంట్ అంటాండాది. పో బయటికి!"

"ముట్టుకోకుంటే సచ్చిపోయిండేది గదప్పా!"

"అది సూసేదానికి డాక్టర్లుండారు."

ఉన్నారు. ఆ పొద్దున హాలులో మాత్రం ఒక్కరూ లేరు. ఆ సంగతి బయటికి పొక్కకూడదని తప్పంతా ఆమె చేతులకు పూశారు!

సాయంత్రం టమాటా మార్కెట్ దగ్గర టీ అంగడి వెనక అందరం చేరాము. మాలో చిన్నది అశ్విని మండిపడింది.

"రేపట్నుంచి ఎవురూ చీపురు పట్టొద్దు. కంపు కొడితే వాళ్ళే దిగొస్తారు."

"కంపు ఎవురికమ్మే?" అంది పెద్దామె రామలక్ష్మమ్మ. "డైరెక్టరు కారెక్కి ఇంటికి పోతాడు. ఆపరేషనయి పండుకున్నోళ్ళు యాడికి పోతారు?"

"అట్లయితే తిట్లు తింటా కడగతానే ఉండల్లా?"

గొంతులు లేచాయి. మునీశ్వరి లేచి నిలబడింది.

"ఈ పనంటే నాకు సిగ్గుండేది. ఊర్లో ఎవురన్నా అడిగితే మాట మార్చేదాన్ని. బిడ్డ ఏడ్చినాక తెలిసింది. మనం గచ్చు కడగడం గాదు, మనుషుల్ని కాపాడతాండాము. ఆ పని ఎవురికీ బయపడి ఆపొద్దు. ఈ దొరలకు మాత్రం సెయ్యొద్దు."

అట్లాగే తీర్మానించాము. వార్డులు అద్దంలా ఉండాలి. డైరెక్టరు గది, రాజేంద్ర ఆఫీసు మాత్రం మేము తాకం. పని అయినవాళ్ళు వచ్చి హాలులో కూర్చోవాలి. మునీశ్వరిని పనిలోకి తీసుకునేదాకా లేవకూడదు.

మరుసటి రోజు హాలు మాతో నిండింది. రాజేంద్ర కుప్పంలో తన కింద పనిచేసే ఆడవాళ్ళను వ్యానులో తెచ్చి దించాడు. వాళ్ళలో ముందున్న సుప్రజ మా దగ్గరే ఆగింది.

"యాల కూర్సోనుండారక్కా?"

మునీశ్వరిని చూపించి చెప్పాము. ఆమె ముఖం ఎర్రబడింది. రాజేంద్ర వైపు తిరిగింది.

"మనుషులు సాల్లేదని గదా పిల్సకొచ్చినావు? ఈమె కడుపు కొట్టేదానికా?"

మా పక్కన కూలబడింది. వెంట వచ్చినవాళ్ళంతా కూర్చున్నారు. అప్పుడే వార్డులోంచి రోజా బిడ్డను ఎత్తుకుని వచ్చింది.

"ఇన్ఫెక్షనని ఎవురు సెప్పింది? బిడ్డ బాగుండాదని డాక్టరమ్మే అనింది! సూడండి!"

భార్యకు వైద్యం చేయిస్తున్న పుంగనూరు రైతు రెడ్డెప్ప బెంచీ మీంచి లేచాడు. తువ్వాలు దులిపి మా మధ్య కూర్చున్నాడు. రోగుల బంధువులు ఒక్కొక్కరే కదిలారు.

పోలీసులు వచ్చారు. బిడ్డను నేల మీద కననిచ్చినవాళ్ళను వదిలేసి, బిడ్డను పట్టుకున్న మునీశ్వరిని జీపెక్కించారు. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది.

"రామలక్ష్మమ్మా! ఆడోళ్ళ వార్డులో మూల మంచం ముసలామె పక్క తడిసింటాది. దుప్పటి మార్చు!"

రామలక్ష్మమ్మ కళ్ళు తుడుచుకుని లోపలికి నడిచింది. మేమంతా జీపు ముందు కూర్చున్నాము.

"లెయ్యండి! లేకుంటే మిమ్మల్నీ ఎక్కిస్తా!" ఇన్‌స్పెక్టరు లాఠీ ఎత్తాడు.

"ఎక్కించు సార్" అంటూ సుప్రజ తానే వెళ్ళి జీపు తలుపు తెరిచింది. "దీంట్లో ఎంత మంది పడతారో సూస్తాం."