పళ్లెం చుట్టూ ముప్పై ఏడు వేళ్లు

ఆ ఏడు చెరకు కోతలకు ముందు నా చేతిలో ఉన్నవి ఇవి: ఈ చెరకు దీవిలో బా నది ఒడ్డున ఉప్పూ బట్టలూ అమ్మే రేకుల దుకాణం, ముక్కాలి పీట మీద నిలబెట్టే కెమెరా, మంచి దస్తూరి, ఎవరితోనూ పేచీ లేని పేరు. ఊళ్లో పెళ్లి ఫొటో తీసేదీ, అర్జీ రాసేదీ నేనే. ఇవాళ మీ ముందు, విద్యార్థుల ముందూ మిల్లు కార్మికుల ముందూ, ఈ పాత పెట్టె తెరిచింది మెప్పు కోసం కాదు. పైనున్న అర్జీ నకలు చూడండి. ఇందులో తప్పు నాది.

కౌలు రైతు ఝగ్రూ కోసిన చెరకును పంచదార కంపెనీ నాలుగు రోజులు రైలు డబ్బాల్లో ఎండనిచ్చి, అయిదో రోజు తూచింది. రసం ఇంకిపోయాక బరువేముంటుంది? ఝగ్రూ అడిగితే కంపెనీ దొర నవ్వాడు. "ఎండనడుగు పో" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నా దారిన దుకాణానికి పోయాను.

ఆ ఆదివారం ఫూల్మతి వాకిట్లో కౌలు రైతుల సభ. అర్జీ పెట్టాలన్నారు అందరూ. ముందు వేలిముద్ర ఎవరిదన్న దగ్గర ఆగిపోయారు.

"మొదటి పేరువాణ్ని పట్టుకుంటారు" అన్నాడు ఇంకో కౌలు రైతు లతీఫ్. "మా అన్నను అట్లాగే కౌలు రద్దు చేసి తరిమేశారు."

"అయితే మొదలు లేకుండానే పెడదాం." ఫూల్మతి అన్నం పళ్లెం తెచ్చి కాగితం మీద బోర్లించి నాతో అంది. "దీని చుట్టూ గీత గీయి సేఠ్. ఆ గీత మీద అందరూ వేళ్లు వేయండి. తల ఎక్కడుందో దొరనే వెతుక్కోనీ!"

వాకిలంతా నవ్వింది. ఆమె మొగుడు దుఖీరామ్ సభలో మాట్లాడనే లేదు. సిరా దగ్గర కూర్చున్నాడు కాబట్టి ముందు వేలు అద్దాడు. అంతే.

"నీ వేలేది సేఠ్?" అన్నాడు ఝగ్రూ.

"రాసేవాడి వేలెందుకురా?" అన్నాను. ఒప్పుకున్నారు. నాకు హాయిగా అనిపించింది.

దుకాణానికి వచ్చి కాగితం మళ్లీ చూశాను. నెంబరు, పేరు చీటీ లేని సరుకును నేనెప్పుడూ బయటికి పంపలేదు. ఒక్కో వేలిముద్ర పక్కన నెంబరు వేశాను, అద్దిన వరసలోనే. కింద ముప్పై ఏడు పేర్లు రాశాను. ఎవరినీ అడగలేదు. నకలొకటి దాచుకుని, మర్నాడు కంపెనీకి టపాలో వేశాను.

ఎనిమిదో రోజు పోలీసు లారీ వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఆ కాగితం ఎత్తి చదివాడు. "ఒకటో నెంబరు, దుఖీరామ్! వీళ్ల నాయకుడివి నువ్వేనా?"

దుఖీరామ్ చెయ్యి ఎద్దు మెడ మీద ఉంది. "నాయకుణ్నా? నా మాట ఎద్దులే వినవు సాబ్."

లారీ ఎక్కించారు. సాయంత్రానికల్లా కంపెనీ మనుషులు అతని కుండలూ చాపలూ రోడ్డు మీద పడేశారు. పదెకరాల కౌలు రద్దు.

రైలు పట్టాల దగ్గర జనం మూగారు. "మనకు నెంబర్లు ఎవడు వేశాడు?" అని లతీఫ్ అరిచాడు.

"కంపెనీ గుమాస్తా అయ్యుంటాడు" అన్నాను. అవును, ముందు ఆ మాటే అన్నాను.

ఫూల్మతి నా వైపు తిరిగింది. "నాకు చదువు రాదు సేఠ్. నీ బట్టల చీటీల మీద అంకెలు మాత్రం పదేళ్లుగా చూస్తున్నా. ఏడు అంకెకు నడుం మీద అడ్డగీత పెట్టేది నువ్వే. ఇన్‌స్పెక్టరు ఆ కాగితం నా మొహం మీదే ఆడించాడు."

"తప్పయింది వదినా" అన్నాను.

లతీఫ్ నా కెమెరా మీదికి దూకాడు. ఆమె అడ్డం వచ్చింది. "ఆగరా. దానితో పనుంది. సేఠ్, కాగితాలు తియ్యి. మనిషికొకటి రాయి. ప్రతి దాని మీదా ఒకటే నెంబరు. ఒకటి!"

మొగుడి చోట ఆమె వేలు వేసింది. ముప్పై ఏడు ఒకట్లు రాశాను. ఆమె ఇంకో కాగితం నా ముందుకు తోసింది. "ఇది నీది."

దుకాణం లైసెన్సు పోతుందేమో అనిపించింది. అయినా ఒకటి రాసి, వేలు వేశాను.

మర్నాడు చెరకు కత్తులన్నీ ఇళ్లలోనే ఉన్నాయి. చెరకు చేలోనే నిలబడింది. కాగితాలన్నీ కంపెనీ గేటు లోపలికి పంపి, బయట కెమెరా పెట్టి, అలవాటు కొద్దీ నాయకుడి కోసం మధ్యలో కుర్చీ వేశాను. ఎవరూ కూర్చోలేదు. దొర బయటికొచ్చి, "మీ నాయకుడెవడు?" అని గద్దించాడు. ముప్పై ఎనిమిది చేతులు ఖాళీ కుర్చీని చూపించాయి. ఫొటోలో చివరనున్నది నేను. పిడికిట్లో ఉన్నది కెమెరా నొక్కే రబ్బరు బుడ్డి. బొటనవేలికి సిరా.

ఆ పూటే పదకొండు మందిని పట్టుకున్నారు, నాతో కలిపి. జైల్లో దుఖీరామ్ అడిగిన మొదటి మాట, "ఎద్దులకు నీళ్లెవరు పెడుతున్నారు?" నెంబరు సంగతి చెప్పాను. విని, చాప మీద కాస్త పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. తొమ్మిదో వారంలో జ్వరంతో అక్కడే పోయాడు. ఆ కబురు తెలిశాక నదికి అవతలి ఊళ్లు కూడా కోత ఆపేశాయి. కంపెనీ దిగొచ్చింది, మమ్మల్ని వదిలేశారు.

మొన్న రాజధాని సువా నుంచి పాత పత్రాలు భద్రపరిచే ఆఫీసు అమ్మాయి వచ్చింది. ఫొటో కింద రాయడానికి నాయకుడి పేరడిగింది. పేర్లన్నీ పళ్లెం చుట్టూ రాసిచ్చాను, నెంబర్లు లేకుండా. నెంబర్లు వేసిన నా అర్జీ నకలు కూడా పక్కనే పెట్టమన్నాను.

వచ్చింది: కోసిన చెరకు ఆ రోజే తూచాలన్న ఒప్పందం. పోయినవి: దుఖీరామ్, అతని పదెకరాలు. ఫూల్మతి వదిన ఉప్పుకు నా దుకాణానికే వస్తుంది. నా మొహం చూడదు. ఏటా కోతల ముందు సభకు మాత్రం ఆ ఖాళీ కుర్చీ పంపమని చెప్పి పోతుంది. కంపెనీ ఈ ఏడు మళ్లీ చెరకు ఎండబెడుతోంది. కుర్చీ పంపాను. సభ రేపే.