పదకొండు శాతం

దంచిన ఎండుమిరపను దానియేలు మూడోసారి తేమ మీటరులో పోసి మూత బిగించాడు. గచ్చిబౌలి ఆఫీసులో పొద్దుటి నుంచి ఇదే పని. పక్క సీట్లవాళ్లు తుమ్మలేక చోటు మార్చుకున్నారు.

తేమ పదకొండు శాతం దాటితే మిరప రెండో రకం, ధర పడిపోతుంది. మీటరేమో అర శాతం అటూ ఇటూ చూపిస్తుంది. అందుకని పదకొండున్నర దాకా మొదటి రకమే అనేలా దానియేలు, మిరప రకం తేల్చే ప్రోగ్రాంలో ఒక వరుస కోడు చేర్చాడు. దాన్ని టీమ్ లీడ్ కృష్ణప్రియ ఒప్పుకోవాలి. ఆమెకు ఈ కంపెనీలో ఇవాళే ఆఖరి రోజు. సాయంత్రం ఆరింటికి దానియేలు పంపే ప్రోగ్రాంతోనే రేపు రైతుల దగ్గర మిరప కొనుగోళ్లు.

"మీటరు తప్పు రైతు మీద ఎందుకు పడాలె మేడమ్?"

"తినేవాళ్ల మీద మాత్రం ఎందుకు పడాలండీ? తేమ ఎక్కువైతే బూజు పడుతుంది. పైగా బయట పదకొండని చెప్పి లోపల ఇంకోటి రాస్తే ఎలా?"

ఇద్దరికీ కోపం లేదు. ఆమె కూడా పరీక్షిస్తానని మీటరు తీసుకుంది.

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో దానియేలు ఎవరితోనూ వాదన పెట్టుకున్న పాపాన పోలేదు. ఫ్యాను కొనడానికి వెళ్తే రెండు దుకాణాల మాటా నిజమే అనిపించి, మియాపూర్ ఇంటికి వట్టి చేతులతో వచ్చే రకం. భార్య ప్రశాంతి నవ్వి, తనే వెళ్లి కొనుక్కొచ్చేది. ఈ ఒక్క వరుసనైనా నిలబెట్టుకోవాలని అతనికి చాలా ఉంది.

కానీ మధ్యాహ్నం డబ్బా తెరిస్తే కూర ఎర్రగా కనిపించింది. బూజు గుర్తొచ్చి మూత పెట్టేశాడు. ఆమె మాటే న్యాయమనిపించింది. సీటుకు వచ్చి వరుస తీసేశాడు. బాధగానే ఉన్నా మనసు కుదుటపడింది.

అయిదున్నరకు ఆమె సందేశం వచ్చింది. "ఒకే పొడికి పదిసార్లూ పది వేర్వేరు అంకెలొచ్చాయి. మీరే రైటండీ. ఆ వరుస ఉంచేయండి, నేను ఒప్పుకున్నాను. ఉంటానండీ."

దానియేలు గబగబా వెళ్లాడు. కుర్చీ ఖాళీ. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

"మరి బూజు సంగతేంది మేడమ్?" అన్నాడు ఖాళీ కుర్చీతో. కాదనడానికి ఇప్పుడు మనిషి లేదు. అతనికి భయం వేసింది.

ఆరుకు పది నిమిషాలుంది, తీసేసిన వరుస మళ్లీ పెట్టాలో వద్దో ఈలోపే తేల్చుకోవాలి. ఆమె టేబుల్ మీద మీటరు, లోపల ఆ పొడే. బటన్ నొక్కాడు. పదకొండుంబావు. మళ్లీ నొక్కాడు. పది ముప్పావు. ఇంకోసారి నొక్కి, చూడకుండానే తన సీటుకు వెళ్లిపోయాడు.

మీటరు తెర మీద సరిగ్గా పదకొండు కాసేపు వెలిగి, దానంతటదే ఆరిపోయింది.