పెనుకొండ వాయిదా

"ఎండుమిరపకాయలు కాల్చకుండా నూరేది యాడన్నా ఉండాదా?" ఓబులమ్మ రోటి ముందు నిలబడి నిలదీసింది.

"నూనెలో వేయించినాను అత్తా."

"వేయించేది వేరే, కాల్చేది వేరే. కాలేజీలో ఇదేనా నేర్పింది?"

రత్నమ్మ నూరడం ఆపలేదు. అత్త కోపం మిరపకాయల మీద కాదని ఆమెకు తెలుసు. సోమవారం పెనుకొండ కోర్టులో వాయిదా ఉంది. సాక్ష్యం చెప్పవలసింది ఓబులమ్మే. ఆమెకేమో రాజీ పడిపోవాలని ఉంది.

కిందటి ఎండాకాలంలో ఒకరోజు అత్తాకోడళ్లు హిందూపురం సంతకు వెళ్లారు. కళ్లు తిరుగుతుంటే ఓబులమ్మ నాగభూషణం హోటల్లో బెంచీ మీద కూలబడింది.

"ఏమే ఓబీ, కొత్త వేషాలా? లెయ్!" అని అతను అందరి ముందూ గద్దించాడు. ఓబులమ్మ లేచి బయటికి వచ్చి, మురుగుకాలువ పక్క గోడగూట్లో తమ కులంవాళ్ల కోసం ఉంచిన కొబ్బరిచిప్పను తీసుకుని, కడుక్కుని, అందులోనే కాఫీ పోయించుకుని తాగింది. చిన్నప్పటి నుంచీ అలవాటే. లోపల ఎవరో నవ్వారు.

రత్నమ్మ తాగలేదు. అత్త చెయ్యి పట్టుకుని నేరుగా పోలీసు స్టేషనుకు నడిపించింది. అంటరానితనం నేరమని యాభై ఐదులోనే చట్టం వచ్చిందనీ, హోటల్లో అందరికీ ఇచ్చే గ్లాసు కొందరికి ఇవ్వకపోతే ఆరు నెలల దాకా జైలు పడుతుందనీ చెప్పి, ఫిర్యాదు రాసుకునే దాకా కదలలేదు. ఇంటికొచ్చాక కూడా, బియ్యం ఏరుతున్నా, లాంతరు గాజు తుడుస్తున్నా, ఆ నవ్వే వినిపించేది. నాగభూషణం జైలు మెట్లెక్కాలి. అంతకు తక్కువ దేనికీ ఆమె మనసు ఒప్పుకోవడం లేదు.

ఆమె భర్త ఆశీర్వాదం ధర్మవరం రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. అతని ఉద్యోగం జోలికి ఎవరూ రాలేరు. కానీ ఓబులమ్మ తమ్ముడు హనుమంతు మూటలు మోసేది నాగభూషణం వేరుశెనగ మిల్లులోనే.

మిరపకాయలు నూరిన ఆ పొద్దే హిందూపురం బండి దిగి నాగభూషణమే వాళ్ల ధర్మవరం క్వార్టర్సుకు వచ్చాడు.

"ఏమప్పా ఆశీర్వాదం, బాగుండావా? ఓబులమ్మగారూ, మీకే ఈ పట్టుచీర." పొట్లం అరుగు మీద పెట్టాడు. "కోర్టు ఒప్పుకుంటే రాజీ కావచ్చంట. మీరు ఊ అంటే చాలు. హనుమంతు పని యాడికీ పోదు."

'గారూ' అన్న మాటకు ఓబులమ్మ ఉబ్బిపోయి కొడుకు వైపు చూసింది. రత్నమ్మ గ్లాసు నిండా మజ్జిగ తెచ్చింది.

"ముందు ఇది తాగండి. మేం తాగే గ్లాసే."

నాగభూషణం వీధి అటూ ఇటూ చూశాడు. లేచి లోపలికి వచ్చాడు.

"తలుపు దగ్గరికెయ్యప్పా," అన్నాడు మెల్లగా.

ఆశీర్వాదం తలుపు వేశాడు. నాగభూషణం కళ్లు మూసుకుని గడగడా తాగి, కండువాతో మూతి తుడుచుకుని, మళ్లీ తుడుచుకున్నాడు.

"తాగితి కదా. అయిపాయ. ఈ సంగతి మాత్రం బయట అనొద్దండి."

అతను వెళ్లిపోయాక ఓబులమ్మ లేచి తలుపు బార్లా తెరిచి పెట్టింది.

మధ్యాహ్నం ముగ్గురూ సంగటి ముందు కూర్చున్నారు.

"అంత మనిషి దిగొచ్చి మజ్జిగ తాగినాడు. ఇంకేం కావల్ల?" అన్నాడు ఆశీర్వాదం.

రత్నమ్మ నోరు తెరవబోయింది. ఓబులమ్మే ముందు అందుకుంది.

"నాకు చిప్పలో పోసినప్పుడు తలుపేసినాడా వాడు? సంతంతా చూసింది."

"హనుమంతు మామ పనో?"

"పోతే పోనీ. మూటలు మోసేటోనికి ఇంగో మిల్లు దొరక్కపోదు. వాడు తిడితే నేను పడతా." సంగటి ముద్ద చేతిలో పట్టుకుని కొడుకు ముఖంలోకి చూసింది. "సాయంత్రం బండికి నువ్వు పోయి ఆ చీర వాని హోటల్లో, అందరూ చూస్తాండంగా పెట్టేసి రా. సోమవారం నేను పెనుకొండకు పోతాండా. వాణ్ణి బోనులో నిలబెట్టి, ఊరంతా వినేటట్టు చెప్తా."