పది నిమిషాలు ముందు నడిచిన గడియారం

రేవుల ఆఫీసులో ఆమెది కిటికీ పక్క కుర్చీ. కిటికీలోంచి సముద్రం కనిపిస్తూనే ఉంటుంది, కానీ ఆమె పొద్దస్తమానం చూసేది కంప్యూటర్లో ఉన్న సముద్రాన్నే. ఏ గంటకు పోటు నిండుతుందో, నీరు ఏ పక్కకు లాగుతుందో ముందే లెక్కకట్టి చెప్పే మోడల్ అది. అది నిజం చెబుతోందో కోతలు కోస్తోందో తేలాలంటే పాత కొలతలతో పోల్చి చూడాలి. ఆ పాత కొలతలు ఆమె అన్నయ్యవి.

వాళ్ల ఊరి చిన్న రేవులో, మెట్ల దగ్గర పాతిన కొలకర్ర ముందు ఏడేళ్లు కూర్చున్నాడాయన. నీరు ఏ గీత దాకా ఎక్కిందో, అప్పుడు టైమెంతో రిజిస్టర్లో రాసేవాడు. అమ్మా నాన్నా లేని చెల్లెల్ని ఆ జీతంతోనే చదివించాడు. ఆయన పోయి ఏడాదైంది. ఆ చేతిరాత తప్ప ఆమెకు మిగిలిందేమీ లేదు.

ఇప్పుడు ఆ రాతకే ముప్పొచ్చింది.

"మోడల్ ఆరింటికి పోటంటే మీ అన్నయ్య ఆరూ పది అంటాడేంటమ్మా?" అన్నాడు పెద్దసారు. "పోనీ రోజూ అంతేనా అంటే అదీ కాదు. కొన్నాళ్లు కరెక్టు, కొన్నాళ్లు పది నిమిషాలు తేడా. కునుకు తీసి లేచి రాసుంటాడు. ఆ రిజిస్టర్లు పక్కన పడేయ్."

"మా అన్నయ్య అలాంటోడు కాదు సార్."

"అయితే ఎందుకో రేపటికి తేల్చు."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా పోయినవాడి మీదికి నెట్టడమా అని ఆమెకు ఒళ్లు మండింది. తేడాలన్నీ తేదీల వారీగా పరిచింది. మొదటి ఏడాది అంతా సవ్యంగా ఉంది. తర్వాత ఒక మంగళవారం మధ్యాహ్నం నుంచి పది నిమిషాల తేడా మొదలైంది.

ఆ మంగళవారాన్ని ఆమె ఎలా మరిచిపోతుంది! లాంచీ తప్పిపోయి పరీక్ష పోగొట్టుకున్న రోజది. అన్నయ్య పల్లెత్తు మాటనలేదు. చేతి గడియారం విప్పి ముల్లు పది నిమిషాలు ముందుకు తిప్పాడు. "నిన్ను మార్చడం నా తరం కాదు లేటమ్మా, అందుకే కాలాన్ని మార్చేశా," అని నవ్వాడు. ఇంటికీ కొలకర్రకీ ఆయనకున్నది ఆ ఒక్క గడియారమే. పోటును కూడా దాంతోనే కొలిచాడు పిచ్చి మారాజు.

రెండేళ్ల తర్వాత ఆమె ఉద్యోగానికని ఊరు దాటింది. ఆ మర్నాటి నుంచి కొలతలు మళ్లీ సరిపోయాయి. "నేను పోగానే కాలం దారికొచ్చిందన్నమాట," అని తనలో తనే నవ్వుకుంది. కానీ ఆపైన కూడా అక్కడ మూడు రోజులు, ఇక్కడ వారం, అదే పది నిమిషాలు. పాత సెలవు చీటీలు తీసి పక్కన పెట్టుకుంది. ఒక్క రోజు తేడా లేదు. ఆమె ఇంటికొచ్చిన ప్రతిసారీ, తిరుగు లాంచీ తప్పిపోకుండా, ఆయన గడియారం ముందుకు తిప్పాడు.

చివరి రిజిస్టర్లో తొమ్మిది రోజులు మాత్రం ఏ సెలవుకీ కలవలేదు. వెతగ్గా వెతగ్గా రద్దయిన సెలవు చీటీ ఒకటి దొరికింది. ఆ సెలవు అడిగిందీ ఆమే, ఈ మోడల్ పని తెమలక వద్దనుకున్నదీ ఆమే. "పనుంటే ఎట్లా వస్తావులే, నాకేం, బానే ఉన్నా," అన్నాడు ఫోన్లో. అలా అని కూడా తొమ్మిది రోజులూ ముల్లు వెనక్కి తిప్పలేదు. పదో రోజు తిప్పాడు. ఆ తర్వాత రెండు వారాలకే పోయాడు.

ఆమెకు గుండె చెరువైంది. వెళ్లాల్సింది, ఒక్క పూటకైనా వెళ్లాల్సింది.

మర్నాడు ఆ రోజులన్నిట్లో పది నిమిషాలు తీసేస్తే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి చక్కగా కూర్చున్నాయి. పెద్దసారు సంతోషించి, తేడాకు కారణం రాయమన్నాడు. "గడియారం పది నిమిషాలు ముందుంది," అని అన్నిటికీ రాసింది. చివరి తొమ్మిది రోజుల దగ్గర మాత్రం, "చెల్లెలు వస్తుందని," అని రాసింది.

పెద్దసారు చదివి కళ్లజోడు తీశాడు.

"వచ్చిందా అమ్మా?"

"రాలేదు సార్."