అట్ట మీద ఆఖరి వరుస

అద్దాలాయన వ్యాపారం మొదలుపెట్టిన రోజున ఆయన చేతిలో ఉన్నది ఎంతో కాదు. సగానికి సగం గీతలు పడిన పాత అద్దాల పెట్టె, మొహం చూసుకునే చేతి అద్దం, అక్క కుట్టుకొట్టులో కిటికీ పక్కన కుర్చీ పట్టేంత చోటు. అద్దె సంగతి అడిగితే, "బోణీ కానీరా, చూద్దాం" అంది అక్క. బోణీ అయి ముప్పై ఏళ్లు దాటింది. ఇప్పుడు ఆయనకు పెద్దవీధిలో సొంత కొట్టు, గోడల నిండా ఫ్రేములు, రాత్రిళ్లు వెలిగే బోర్డు. అద్దె మాట మళ్లీ ఇద్దరూ ఎత్తలేదు. అక్క మాత్రం ఆయన ఎప్పుడో ఇచ్చిన పాత కళ్లజోడుతోనే నెట్టుకొస్తోంది. ఆమె కొట్టుకు వచ్చినప్పుడల్లా బేరాలు కాచుకుని ఉంటాయి, ఆయన వచ్చే వారం చూద్దామంటాడు. దీపం కిందే చీకటి.

ఎన్నికల ముందు ఒక పార్టీ మనిషి కొట్టుకొచ్చాడు. గొంతు పెద్దది కావడంతో వీధంతా అతన్ని మైకు అంటారు. పెద్దవాళ్లకు పంచడానికి రెండు వందల చదువుకునే కళ్లజోళ్లు కావాలన్నాడు. ఏడాది మొత్తం మీద రాని బేరం అది. పోతూ పోతూ గట్టి అట్టల కట్ట ఒకటి బల్ల మీద పెట్టాడు. అట్ట మీద పైన బొటనవేలంత అక్షరాల్లో, 'వృద్ధుల ఆరోగ్య బీమా ప్రీమియం వచ్చే ఏడాది మూడింతలు!' అని ఉంది. దాని కింద తప్పు ఎవరిదో, ఓటు ఎవరికి వేయాలో, వరుస వరుసకీ అక్షరాలు చిన్నవవుతూ వచ్చాయి. అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వరుస.

అద్దాలాయన మాటలు చూడలేదు, అక్షరాల సైజు చూశాడు. చూపు పరీక్షకు పెట్టే అట్ట ఎలా ఉండాలో అలాగే ఉంది. తన అట్ట చూస్తే అంచులు చివికిపోయింది. ఊరికే వచ్చిన దాన్ని కాదనడం ఎందుకని కుర్చీకి ఎదురుగా తగిలించాడు.

ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు చదువుతుంటే గొంతు ఎక్కడ తడబడిందన్నదే ఆయన వింటాడు. ఏం చదువుతున్నారన్నది వినడు. కాటా దగ్గర కూర్చున్నవాడికి బస్తాలో ఏముంటే ఏమిటి? ముసలివాళ్లు మొదటి వరుస చదివి ఆగేవారు. "నిజమేనంటావా?" అని అడిగేవారు. "తేటగానే కనిపిస్తోంది కదండీ?" అని ఆయన తరవాతి అద్దం తీసేవాడు. వాళ్లు అదే జవాబనుకుని పోయేవారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే వీధి అది. మంగలి కొట్టులో, మందుల కొట్టు వరుసలో, ఎక్కడ చూసినా మూడింతల మాటే. అవతలి పార్టీ అయితే, బీమా చిల్లిగవ్వ కూడా పెరగదని గోడలకెక్కించింది. అదీ నిజం కాదు, కానీ ఆ సరుకు ఆయన కొట్టులో లేదు.

ఒక మధ్యాహ్నం అక్క ఇంట్లో భోజనం చేస్తుండగా, ఈ ఏడు బీమా కట్టడం లేదని అక్క మాటల మధ్యలో చెప్పింది. ఆమెకు చక్కెర జబ్బు, గుండెలో స్టెంటు. కట్టడానికి అదనంగా ఇచ్చిన గడువు కూడా ఎల్లుండితో సరి.

"వచ్చే ఏడు మూడింతలంటే నా వల్ల కాదు. ఎటూ మానేసేదానికి ఈ ఏడు మాత్రం ఎందుకు? చిల్లికుండలో నీళ్లు పోసినట్టు."

ఒకసారి తెగిన బీమా మళ్లీ అతకదనీ, కొత్తగా తీసుకుంటే పాత జబ్బులకు ఏళ్ల తరబడి ఆగాలనీ ఆయన చెప్పాడు. అయినా మూడింతలని ఎవరన్నారని అడిగాడు.

"నీ కొట్లోనే చదివాను, వంతు కోసం కూర్చుని."

"అది కళ్లు చూడ్డానికి పెట్టింది అక్కా."

"ఇన్నేళ్లలో పనికిరాని అద్దం ఒక్కటీ నువ్వు ఎవరికీ అంటగట్టలేదురా. పనికిరాని మాట చదివిస్తావా?"

ఆయన చెయ్యి కడుక్కుని కొట్టుకు వచ్చాడు. అట్ట తీసి, తన కళ్లజోడు పెట్టుకుని, ఆఖరి వరుస మొదటిసారి చదివాడు. ఎనభై ఏళ్లు దాటాక, అన్నిటికన్నా పెద్ద పథకంలో, ఏ రాయితీ లేకుండా కొత్తగా చేరేవారికి వేసిన అంచనా అని ఉంది. అక్కకు ఇంకా డెబ్బై రాలేదు. ఆమెది పాత బీమా, మామూలు పథకం. బీమా ఆఫీసుకు ఫోన్ చేస్తే ఆమెది పదో వంతు పెరిగిందన్నారు. వచ్చే ఏడు మళ్లీ కొంత పెరగొచ్చు గానీ మూడింతలన్న మాట తమ దగ్గర లేదన్నారు.

సాయంత్రం మైకు వచ్చాడు. ఇది అబద్ధం కదా అని అడిగితే అతను ఏమీ నొచ్చుకోలేదు.

"అబద్ధమెక్కడుందన్నా? కింద రాశాంగా."

"ఆ కిందది ఎవరికి కనపడుతుంది?"

"కనపడేట్టు చెయ్యడం నీ పని కదా" అని నవ్వాడు. కళ్లజోళ్లు శనివారానికి కావాలని గుర్తుచేసి వెళ్లాడు. సరుకు అప్పటికే కొట్టులో దిగి ఉంది.

మర్నాడు పొద్దున్నే అద్దాలాయన అక్కకు కబురంపి రప్పించాడు. ముగ్గురు బేరగాళ్లు కూర్చుని ఉన్నారు.

"ఇవాళ నీకు తీరికెలా దొరికిందిరా?" అంది అక్క.

ఆయన పరీక్ష ఫ్రేము ఆమె ముక్కు మీద పెట్టి ఒక్కో అద్దం మార్చుకుంటూ పోయాడు. పై వరుసలు వద్దని, అన్నిటికన్నా కిందది చదవమన్నాడు. నాలుగో అద్దానికి ఆమె పెదాలు కదిలాయి. ఒకసారి లోలోపల, ఒకసారి పైకి చదివింది.

"అయితే ఇది నాకు కాదు."

"కాదు. నీది పెరిగింది, పదో వంతు. మూడింతలు కాదు."

"పెరిగిందన్నది నిజమేగా?"

"నిజమే."

అక్క ఫ్రేము తీసి ఆయన చేతిలో పెట్టింది. "నాకీ అద్దాలు ఎప్పుడో ఇచ్చుంటే, నీకింత తిప్పలు తప్పేవి" అని, అటునుంచి అటే బీమా ఆఫీసుకు నడిచింది.

వంతు కోసం కూర్చున్న ముసలి లారీ డ్రైవరు లేచి వచ్చి ఆ ఫ్రేము అడిగాడు. కింది వరుస చదివాడు.

"నా గడువు మొన్ననే దాటింది బాబూ. మూడింతలని నువ్వే చదివించావు కదా."

అద్దాలాయన షట్టరు సగం దించి ఆయన్ను వెంటబెట్టుకుని బీమా ఆఫీసుకు వెళ్లాడు. కొత్తగా చేరాల్సిందేనన్నారు. డ్రైవరు మోకాళ్ల నొప్పులకు, రక్తపోటుకు బీమా వర్తించాలంటే ఏళ్లు ఆగాలి.

ఆ రోజు నుంచి అద్దాలాయన పరీక్ష కింది వరుసతో మొదలయ్యేది. శనివారం మైకు వచ్చేసరికి కుర్చీలో ఒక ముసలమ్మ అదే వరుస గట్టిగా చదువుతోంది. మైకు చివరిదాకా విన్నాడు. అట్టల కట్ట చంకన పెట్టుకుని, కళ్లజోళ్లు వేరేచోట చూసుకుంటామని చెప్పి వెళ్లిపోయాడు. గోడ మీది అట్ట మాత్రం మరిచాడు.

ఎన్నికలయ్యాక ఆయన లెక్క చూసుకున్నాడు. రెండు వందల కళ్లజోళ్లు అటక మీద ఉన్నాయి, ఒక్కొక్కటిగా పోతాయి. పరీక్షకు అట్ట ఒకటి మిగిలింది. అక్కకు కొత్త కళ్లజోడు ఇచ్చి, కిటికీ పక్క చోటు అద్దెలో చెల్లు వేసుకోమంటే, అద్దెలో అదెన్నో వంతని ఆమె నవ్వింది. లాభం కింద వేసుకోదగ్గది అక్క బీమా గడువు దాటకపోవడం ఒక్కటే. దాని పక్కన దాటిపోయిన డ్రైవరు గడువు పెట్టి చూస్తే, సరికి సరి అనడానికి కూడా లేదు.