వదిలేయమన్న అధ్యాయం

"ఇంకోసారి అక్కా," అన్నాడు గాజుకు అవతల రికార్డింగు మిషను ముందు కూర్చున్న మీటలాయన, స్పీకరులోంచి. "వీధిలో లారీ వెనక్కొచ్చింది. మీ వాక్యంలోకి కూడా వచ్చేసింది."

ఆమె మళ్ళీ అదే వాక్యం చదివింది. ఈసారి పక్కింటి కుక్క మొరిగింది. మళ్ళీ చదివింది. ఈసారి ఆమె పొట్టే కుయ్యిమంది. మీటలాయన నవ్వు ఆపుకోలేక బల్లకిందికి వంగి, ఏదో వెతుక్కుంటున్నట్టు నటించాడు.

చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే గది అది. ఫ్యాను తిరిగితే చప్పుడని ఆపేశారు. కిటికీ మూసి, దానికి అడ్డంగా మందపాటి దుప్పటి కట్టారు. చెమట మెడ మీంచి వీపులోకి జారుతున్నా తుడుచుకోవడానికి లేదు, బట్టల రాపిడి మైకులో పడుతుంది. నీళ్ళు తాగుదామని సంచిలో చెయ్యి పెడితే లోపలంతా తడి. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళు సీసాలో పోసి, రెండు పుదీనా బిళ్ళలు కాగితంలో చుట్టి సర్దిపెట్టడం ఇంట్లో మొగుడి అలవాటు. మూత బిగించకపోవడం కూడా ఆయన అలవాటే. తడిసి అంటుకుపోయిన బిళ్ళల్ని విడదీసి ఒకటి నోట్లో వేసుకుంది. చల్లగా, తియ్యగా ఉంది. మొగుడి మీద కోపం సగం కరిగింది, మిగతా సగం సాయంత్రానికి దాచుకుంది.

వినేవాళ్ళు ఆమెకు పెట్టిన పేరు గొంతమ్మ. మనిషి పొట్టి. వీధిలో గోడవారగా నడుస్తుంది. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే ఆమే క్షమించమంటుంది. కూరలవాడు తూకంలో మోసం చేస్తున్నాడని కళ్ళారా చూసి కూడా సంచి చాపుతుంది. ఇంట్లో ఆడపడుచు "మా వదినకి నోరుందని రేడియోవాళ్ళు కూడా ఒప్పుకోరు" అని వచ్చినవాళ్ళ ముందు నవ్వుతుంది. గొంతమ్మ కూడా నవ్వేస్తుంది.

కానీ మైకు ముందు కూర్చుంటే వేరు. కోట గుమ్మంలో ఒంటరిగా నిలబడ్డ కాపలావాడూ, కొరడా లాక్కున్న కూలివాడూ, న్యాయస్థానంలో వేలెత్తి చూపిన విధవరాలూ ఆ గొంతులోంచే మాట్లాడారు. ఇన్ని మాటలు నా నోట్లోంచే వెళ్ళాయి కదా, కాస్తయినా తడి అంటుకోదేం అని ఆమెకు తన మీదే ఒళ్ళు మండేది.

పదకొండింటికి, వినేవాళ్ళలో ఒకాయన, ఫోను తాతగారు, ఫోను చేశాడు. ఏ అధ్యాయం చదివితే అది ఆ వారమే వినేవాళ్ళకు పంపేస్తారు. వినగానే ఫోను చేసి తగువు పెట్టుకోవడం ఆయన హక్కు.

"ఏమ్మా గొంతమ్మా, నిన్న ఆ మేస్త్రీని తిట్టించావే, నేను చేతికర్ర నేలకేసి కొట్టాను. కింది వాటావాళ్ళు పైకొచ్చేశారు!"

"అయ్యో, మీకేమైనా తగిలిందాండీ?"

"నాకేం తగుల్తుంది, వాళ్ళకి నిద్ర పోయింది. అది సరే, ఆ నూలు చుట్టే అమ్మాయి సభలో లేచి మాట్లాడుతుందా లేదా? ఆ ఒక్కటీ చెప్పి పెట్టేయ్."

"చెప్పకూడదండీ. చదువుతాను, వినండి."

"త్వరగా చదువు తల్లీ. నా వయసుకి సస్పెన్సు మంచిది కాదు."

ఆమె నవ్వుతూ ఫోను పెట్టి వెనక్కి తిరిగేసరికి సంస్థ కార్యదర్శి నిలబడి ఉన్నాడు. తెల్లని చొక్కా, మెత్తని మాట. ఎప్పుడూ గట్టిగా అరిచిన మనిషి కాదు.

"కూర్చోండమ్మా. ఆ సభ అధ్యాయం ఉంది చూశారూ, అది వదిలేయండి."

"వదిలేయడమంటే?"

"మిల్లు యజమానిని పట్టుకుని, షెడ్డు కప్పు కుళ్ళిందని తెలిసీ మనుషుల్ని లోపలికి ఎందుకు పంపావని అడుగుతుంది కదా ఆ పిల్ల. మనకీ గది కట్టించినాయనకీ మిల్లే ఉంది. వచ్చేవారం ఆయన చేతే రికార్డు చేసిన ఈ పుస్తకం మొత్తంగా విడుదల. ఆయనకి కోపమొస్తే గది మూతపడుతుంది. అప్పుడు వీళ్ళకి ఒక్క పుస్తకం కూడా ఉండదు. ఆలోచించండి."

"వింటున్నవాళ్ళు అడుగుతారేమోనండీ..."

"అచ్చు పుస్తకం చూడలేరు కదమ్మా వాళ్ళు. ఎలా తెలుస్తుంది?"

గొంతమ్మ తల ఊగింది. ఆమె ఊపలేదు, అదే ఊగింది. కార్యదర్శి సంతోషంగా భుజం మీది నలక దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఆమె గదిలోకెళ్ళి తలుపు మూసుకుంది. పుస్తకం తెరిచింది. సభ అధ్యాయం కాగితాలన్నీ ఒక్క గుత్తిగా పట్టుకుని తిప్పేసింది. అంత దళసరి కథ, రెండు వేళ్ళ మధ్య ఎంత సులువుగా పోయిందో. గొంతు సవరించుకుని తర్వాతి అధ్యాయం మొదలుపెట్టింది.

"అంత మాట అన్న మనిషికి ఆ చుట్టుపక్కల ఇక పని దొరకలేదు..."

ఆగింది.

"ఎందుకాపారు? బ్రహ్మాండంగా వచ్చింది. కుక్క కూడా లేదు," అన్నాడు మీటలాయన.

"ఏ మాట అంది తమ్ముడూ?"

"ఎవరు?"

"ఈ పిల్ల. ఏ మాట అందో చెప్పకుండా పని పోయిందని చెబితే వినేవాళ్ళేమనుకుంటారు? దొంగతనం చేసిందనుకోరూ? ఏ తప్పుడు పనో చేసి దొరికిపోయిందనుకోరూ?"

మీటలాయన చెవి గోక్కున్నాడు. కార్యదర్శి మాటలు అతనూ విన్నాడు. "పుస్తకంలో మనిషే కదా అక్కా, అనుకుంటే పోయేదేముంది?"

"తాతగారు అనుకుంటాడు. నా నోటితో నేనే అనుకోమన్నట్టు అవుతుంది."

"నన్నిరికించకక్కా. నాకు సంసారం ఉంది."

"అందుకే నువ్వు టీకి వెళ్ళు. మిషను తిరుగుతూ ఉండనీ."

"నేను లేకపోతే మధ్యలో తప్పులొస్తే ఎవరాపుతారు?"

"ఎవరూ ఆపొద్దు."

అతను లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. ఎర్రమీట నొక్కి, ఆమె వైపు చూడకుండా చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

గొంతమ్మ కాగితాలు వెనక్కి తిప్పింది.

లారీ వచ్చింది. కుక్క మొరిగింది. ఎవరింట్లోనో కుక్కరు ఈలేసింది. అన్నీ పుస్తకంలోకి వచ్చేశాయి, ఆమె ఆగలేదు. నూలు చుట్టే పిల్ల సభలో లేచి నిలబడే చోటికి వచ్చేసరికి ఆమె గొంతు వణికింది. సేనాపతుల మాటలు చదివినప్పుడు ఏనాడూ వణకని గొంతు అది. ఆ వీరుల్ని ఎంత నున్నగా చదివేశానో అనిపించింది. ఈ పిల్ల గొంతూ ఆ రోజు ఇలాగే వణికి ఉంటుంది. ఒక మాట మింగేసింది, వెనక్కెళ్ళి మళ్ళీ పలికింది. చెమట కంట్లోకి దిగితే మోచేత్తో తుడుచుకుంది, రాపిడి పడితే పడనీ అని.

సగంలో ఉండగా గాజు అవతల కార్యదర్శి ప్రత్యక్షమయ్యాడు. నోరు తెరిచి ఏదో అంటున్నాడు. చేతులూపుతున్నాడు. మాట వినిపించే మీట నొక్కలేదు, చప్పుడు రానివ్వని గాజు కాబట్టి నీళ్ళతొట్టిలో చేపలా ఉన్నాడు. ఇంకో రోజైతే ఆమెకు నవ్వొచ్చేది. ఇప్పుడు రాలేదు. కళ్ళు పుస్తకం మీదికి దించి, అధ్యాయం చివరి వాక్యం దాకా చదివి, ఊపిరి వదిలింది.

తలుపు తెరుచుకుంది.

"నేను చెప్పిందేమిటి, మీరు చేసిందేమిటి?"

ఇన్ని పుస్తకాల్లోని మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "చదివానండి," అంది. అంతే దొరికింది ఆమెకు.

"అది తీసేయిస్తాను. రేపొచ్చి తర్వాతి అధ్యాయం మొదలుపెట్టండి."

"లేదండీ."

"లేదంటే?"

"అది తీసేస్తే మిగతాది నేను చదవనండి."

"అయితే రేపట్నుంచి రాకండి," అన్నాడు కార్యదర్శి, అప్పుడు కూడా గొంతు పెంచకుండా.

పాడు తల, మళ్ళీ ఊగింది. కనీసం దీనికైనా ఊగకుండా ఉండొచ్చు కదా అని ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

టీ తాగి వచ్చిన మీటలాయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఆ అధ్యాయం చెరిపెయ్యి," అన్నాడు కార్యదర్శి. మీటలాయన మిషను వంక చూశాడు, గొంతమ్మ వంక చూశాడు, తన చేతుల్ని వెనక్కి కట్టుకున్నాడు.

"ఏ మీటో మర్చిపోయాను సార్. మీరే నొక్కండి."

కార్యదర్శి వేలు మీటల మీద గాల్లో తిరిగింది. ఒకదాని మీద ఆగింది.

"చూసుకోండి సార్. పుస్తకం మొత్తం పోవచ్చు."

వేలు వెనక్కి వచ్చేసింది. "రేపు తెలిసినవాణ్ణి పిలిపిస్తాను. నీ సంగతీ అప్పుడే చూస్తాను," అంటూ అతను వెళ్ళిపోయాడు.

గొంతమ్మ తడి సంచి భుజానికి తగిలించుకుంది. ఇంటికెళ్ళి ఆయనకేం చెప్పాలి, ఆడపడుచు ముందు ఏ మొహంతో కూర్చోవాలి, ఏదీ తోచలేదు. 'చదివానండి' అట. ఇంకాస్త మంచి మాట దొరికి ఉంటే ఎంత బాగుండేదో.

"రేపొచ్చేవాడు చెరిపేస్తాడు కదా తమ్ముడూ."

"రేపు కదా," అన్నాడు మీటలాయన. ఆఫీసు ఫోనులో తాతగారి నంబరు నొక్కి, ఫోనుని స్పీకరుకి ఆనించి పెట్టి, మిషను తిప్పాడు. కుక్కా లారీ కలగలిసిన తన గొంతు మొదలవడం విని ఆమె గబగబా గుమ్మం దాటింది. ఎదురుగా నిలబడి తన వణుకు తాను వినే ధైర్యం ఇంకా రాలేదు.

మెట్ల మలుపులో ఒక్కసారి వెనక్కి చూసింది. గాజు వెనక ఖాళీ కుర్చీలో, పాత దుప్పటి గుడ్డతో తను కుట్టుకున్న స్పాంజి దిండు, ఆమె కూర్చున్న గుంటని వదిలిపెట్టలేక వదిలిపెడుతూ, మెల్లగా పైకి లేస్తోంది.