మా మరిది తాగని కల్లు

నా మరిది ధనుంజయ్ మాట నమ్మొచ్చో లేదో ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. ఇంట్లో ఒకటి మాట్లాడతాడు, మైకు దొరికితే ఇంకొకటి. పేరుకు సర్పంచి. మా ఆయన పోయాక మా ఇంటికీ వాడే పెద్ద.

డుంబ్రిగుడకు పైన, గట్టు మీద మా ఊరు. గట్టు దిగితే ఒరిస్సా, అక్కడ నా పుట్టిల్లు. మధ్యలో పారే ఊటగెడ్డ మాదంటే మాదని రెండు ఊళ్లకీ తగువు. పోయిన వేసవిలో తలలు కూడా పగిలాయి. అవతలి ఊరికి పెద్ద మా అన్న బుధు. అన్న కొడుక్కి నా కూతురు బేబిని ఇద్దామనుకున్నాం. ఈ కొట్లాటల మధ్య పిల్లని ఎలా పంపను?

ఎన్నికలు నెల రోజుల్లో ఉన్నాయనగా ధనుంజయ్ మా పెరట్లోకి వచ్చాడు.

"వొదినా, సెరో వారం నీళ్లు పంచుకుందామని మీ అన్నకి సెప్పు. నా పేరు బయటికి రానీకు. బాలాజీకి తెలిస్తే నన్ను బతకనివ్వడు."

బాలాజీ వాడి మీద పోటీకి దిగినవాడు. మన తాతల నేల, మన అమ్మోరి కొండ, జానెడు కూడా వదలం అని సంతలో అరుస్తుంటాడు. దానికి చప్పట్లు పడుతున్నాయని మా మరిదీ అంతకంటే గట్టిగా అరవడం మొదలుపెట్టాడు.

అన్నకి చెప్పాను. "మావోళ్లూ అంతేనే. నీళ్లిత్తే అమ్ముడుపోయానంతారు," అని ఒక ఉపాయం చెప్పాడు. మాలో పెళ్లి కుదిరితే మగపిల్లాడివాళ్లు జీలుగు కల్లు కుండ తెస్తారు. ఆడపిల్ల ఇంటి పెద్ద తాగితే ఇక ఆ మాట తప్పడానికి లేదు. "పెళ్లి కుండని సెప్పి తెత్తాను. మీ మరిది తాగితే గెడ్డ మాట కూడా అయిపోయినట్టే. ఊరోళ్లకి తరవాత మెల్లగా సెప్పుకుందాం." ధనుంజయ్ సరేనన్నాడు.

ఆదివారం అన్న కుండతో మా వాకిట్లోకి వచ్చాడు. సగం ఊరు పోగైంది. పిలవని బాలాజీ ఫోన్ ఎత్తి పట్టుకుని మరీ వచ్చాడు.

"సర్పంచిగారూ, పెళ్లికేనా ఈ కుండ? గెడ్డని అమ్మేత్తన్నావేటి?"

ధనుంజయ్ ముఖం పాలిపోయింది. నా వైపు చూడనే లేదు.

"నాకేటీ తెలవదు. ఇదంతా మా వొదిన పన్నాగం. ఎంతైనా ఆ ఊళ్లో పుట్టిన గుంటే కదా!" అంటూ కుండని కాలితో తన్నాడు.

చప్పట్లే చప్పట్లు. గుమ్మంలో బేబి ఏడుస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఒరిగిన కుండలో దోసెడు కల్లు మిగిలి ఉంది. ఎత్తి అందరి ముందూ గటగటా తాగేశాను.

"ఈ ఇంటికి పెద్దని నేనే. పిల్లనిచ్చాను. గెడ్డ నీళ్లలో సగమూ ఇచ్చాను. ఏటి సేత్తారో సెయ్యండి."

అన్నయినా సంతోషిస్తాడనుకున్నాను. దగ్గరికి వచ్చి నా ముఖంలోకి చూస్తూ గొంతు తగ్గించి అడిగాడు.

"నిజం సెప్పు సెల్లీ, ఇది కూడా మీ మరిది ఆడించిందేనా?"